గుండును కొలిసిన గుడ్డ

ఠాణాల రామచంద్రం కూసునే జాగ ఖాయమైపోయింది. నాలుగొద్దులసంది అదే జాగ. రైటర్ టేబుల్ పక్కపొంటి, గోడకు ఆనుకొని, కింద గచ్చు మీద. బల్ల లేదా అంటె ఉన్నది. మొదటి రోజు దాని మీద కూసోబోతె జవాను "ఏయ్, అది సార్ల కోసం" అన్నడు. నాలుగొద్దులల్ల ఏ సారూ వచ్చి కూసున్నది లేదు. ఒక పిల్లి మాత్రం రోజూ వచ్చి పండుకుంటది. పిల్లికి దొరికిన బల్ల మనిషికి దొరకది, గదీ అక్కడి ఇన్సాఫు.

సిరిసిల్లల ఆరింటి బస్సెక్కితె కరీంనగర్ వచ్చేసరికి ఎనిమిది దాటుతది. తొమ్మిదింటికి రిజిస్టర్ల సంతకం పెట్టాలె. పెట్టినంక పొమ్మనరు. ఎస్సై వచ్చేదాక కూసోవాలె. వచ్చినంక అడిగిందే అడుగుతడు, చెప్పిందే చెప్పాలె.

"పేరు?"

"ఆడెపు రామచంద్రం సార్."

"పని?"

"సాంచలు చెడిపోతె బాగుచేస్త సార్. జాపర్ను."

"గుడ్డ నేసే సాంచలు బాగుచేసేటోనికి రైఫిల్ తూటాలతోని ఏం పని?"

ఏం చెప్తడు? జలపతిరావు దొర రైఫిల్ క్లబ్బుకు ప్రెసిడెంటు. పోటీలకు తూటాలు కొందామంటె దొరకయి, దొరికినా పిరం. అందుకని పేలిన ఇత్తడి గొట్టాలను ఏరుకచ్చి, మళ్ల మందు నింపి, గుండు కుదిచ్చి కొత్త తూటాలు చేపిచ్చుకుంటడు. లైసెన్సు దొరది, మందు దొరది, సామాను దొరది. చెయ్యి మాత్రం రామచంద్రంది. తొమ్మిదేండ్లసంది ఆ చెయ్యి తప్పలే. దసరా తెల్లారి దొర కొడుకు జైపాల్‌రావు క్లబ్బుల పేల్చంగ రైఫిల్ పగిలి, పోరని ఎడమ చేతి రెండు వేళ్లు పోయినయి. గంతే, తొమ్మిదేండ్ల పేరు ఒక్క పూటల మన్నుల కలిసింది.

"మందెక్కువ పోసినవు" అన్నడు ఎస్సై.

"లేదు సార్. ప్రతి తూటాకు త్రాసుల తూచి పోస్త."

"ఎవలు నేర్పిన్రు గీ పని? గుట్టలల్ల నేర్పిన్రా?"

గుట్టలంటె అన్నలు. ఎనుబై ఆరు సంవత్సరం అది. ఆ మాట మీద పడ్డోళ్లల్ల ఎంతమంది మళ్ల ఇంటి మొకం చూసిన్రో జిల్లాల ఎరుక లేనోళ్లు లేరు. రామచంద్రం మెడల ఉన్న పలుచటి సెల్ల కండువతోని మొకం తుడుచుకున్నడు.

మూలకు గోనెసంచి మీద పగిలిన రైఫిల్ ఉన్నది, చీటి కట్టి. నిన్న దాన్ని చూసి ఆగలేక ఒక మాటన్నడు. "సార్, మందెక్కువైతె ఎనుక, తూటా ఉండే కాడ పగులుతది. గిది నడుమ పగిలింది, చెయ్యి పట్టే కాడ. గొట్టంల ఏదో అడ్డమున్నది సార్." దానికి ఎస్సై నవ్విండు. "గింత ఎరుకున్నోనివి ఒట్టి జాపర్వేనా?" అన్నడు. చెప్పకపోతె తప్పు, చెప్తె ఇంక పెద్ద తప్పు. ఇయ్యాల నోరు మూసుకొని కూసున్నడు.

"ఇను" అన్నడు ఎస్సై. "మిగిలిన తూటాలు ముప్పై నాలుగున్నయి. క్లబ్బు సెక్రటరి భూపాల్‌రావు సారుకు ఇచ్చిన. ఎల్లుండి కల్ల పరీక్ష చేసి కాయితం ఇస్తడు. అన్ని ఒక్క తీరుగున్నయంటె నీది తప్పు లేదు. ఎక్కువ తక్కువలున్నయంటె కేసు రాస్త. గుట్టల ముచ్చట గప్పుడు అడుగుత. గిక్కడ కాదు."

"గిక్కడ కాదు" అన్న మాట మెల్లగనే అన్నడు.

*

ఇంటికి వచ్చేసరికి అనసూర్య రాట్నం ముంగట కూసోని కండెలు చుడుతున్నది. మొగని మొకం చూసి రాట్నం ఆపింది.

"జమ్మి ముచ్చట చెప్పినవా?"

"లేదు."

"అయ్యో, నీ నోట్లె మన్నువడ! ఎన్నటికి చెప్తవయ్యా? నిన్ను లారీల ఎక్కిచ్చినంకనా?"

జమ్మి ముచ్చట ఇదీ. ఏటేటా దసరా నాడు దొరింట్ల ఆయుధపూజ అయితది. జలపతిరావు తల్లి జానకీబాయి, డెబ్బయైదేండ్ల మనిషి, రైఫిల్‌ను పీట మీద పెట్టి పసుపు కుంకుమ అద్దుతది. జమ్మి ఆకును ఎర్రగుడ్డల చుట్టి, రైఫిల్ మూతిల పెట్టి, సన్నటి ఎదురుబొంగు పుల్లతోని లోపలికి దోపుతది. ఇంట్ల బంగారం నిలవాలె, ఆయుధం ఇంటోళ్ల మీదికి తిరుగద్దు అని ఆమె నమ్మకం. తెల్లారి రామచంద్రం పోవాలె. కుంకుమ తుడిచి, పొడుగు ఊసతోని ఆ జమ్మిని బయటికి తీసి, కండ్లకద్దుకొని ఆమె చేతిల పెట్టాలె. అప్పటిదాక రైఫిల్ ఎవలూ ముట్టద్దు. తొమ్మిదేండ్లసంది అదే రివాజు.

ఈసారి సుత పొద్దుగాలనే పోయిండు. గేటు కాడి మనిషి "చిన్నదొర రైఫిల్ తీస్కొని క్లబ్బుకు పోయిండు, నువ్వు వాపస్ పో" అన్నడు. జమ్మి ఇంక రైఫిల్ లోపల్నే ఉన్నది. రామచంద్రం రిక్షా మాట్లాడుకొని ఉరికిండు. సగం తొవ్వల జీపు ఎదురైంది. ఎనుక సీట్ల జైపాల్‌రావు తువ్వాలల చెయ్యి చుట్టుకొని ఒర్రుతున్నడు.

"పెట్టింది ఆమె, తియ్యకుంట పేల్చింది ఆమె మనుమడు. ఠాణాల కూసునేది నువ్వు" అన్నది అనసూర్య. "గిదెక్కడి కథ?"

"మనుమని వేళ్లు తీసింది నాయినమ్మనే అని నేను చెప్పాల్నా? ఇంత గూడ సాక్ష్యం లేకుంట? తప్పిచ్చుకోనికె ముసల్దాని మీద ఏస్తున్నడు అంటరు. ముందుగాల నా తూటాలు మంచియని తేలాలె. గప్పుడు నా మాటకు ఇలువ."

"తేలకపోతె?"

అనసూర్య మళ్ల రాట్నం తిప్పింది. రెండు చుట్లకే పోగు తెగింది. ఆమె అతుకకుంట అట్లనే ఇడిసిపెట్టింది. రామచంద్రం పక్కకు కూసోని పోగు అతికిచ్చిండు.

*

క్లబ్బు ఎర్రగుట్ట కింద ఉంటది. ఒక రేకుల షెడ్డు, ముంగట రెండు వందల గజాల మైదానం, ఆ కొసకు గుట్టకు ఆనిచ్చి పోసిన మట్టికట్ట, దాని ముంగట గురి చూసే అట్ట. తెల్లారి ఠాణాల సంతకం పెట్టి, ఎస్సైని అడిగి రామచంద్రం అక్కడికి పోయేసరికి భూపాల్‌రావు టేబుల్ మీద రెండు మిషిన్లు పెట్టుకొని కూసున్నడు. ఆయన బెల్లంపల్లి బొగ్గుబాయిలల్ల ఇంజనీరు చేసి రిటైరైన మనిషి. తొందరపడడు, ఊకె మాట్లాడడు. పక్కకు కుర్చీల జలపతిరావు కాలు మీద కాలేసుకొని సిగరెట్ తాగుతున్నడు.

రెండు మిషిన్ల పేరూ క్రోనోగ్రాఫే. గుండు సెకనుకు ఎన్నడుగులు పోతున్నదో లెక్క చెప్తయి. మందెక్కువైతె గుండు ఉరుకుతది, తక్కువైతె మెల్లగైతది. అన్ని గుండ్లూ దగ్గరదగ్గర లెక్కల పోతె, నింపిన చెయ్యి సక్కటిది అన్నట్టు.

ఒకటి కొత్తది. జలపతిరావు బామ్మర్ది సింగపూర్ పోయినప్పుడు తెచ్చిండు. నల్లటి కడ్డీ, దాని మీద రెండడుగుల ఎడంతోని రెండు గాజు కండ్లు, మీదికి చూసుకుంట. గుండు మీదకెల్లి పోంగ ఆ కండ్లు దాని నీడను పట్టుకుంటయి. ఇంకోటి పాత కట్టెపెట్టె. బెల్లంపల్లిల ముత్యం అనే ఎలక్ట్రీషియన్ భూపాల్‌రావు కోసం చేసిండు. దానికి రెండు కట్టె చట్రాలు. చట్రాలకు సన్నటి రాగితీగ అల్లాలె. గుండు మొదటి చట్రం తీగను తెంపంగనే లెక్క షురువైతది, రెండోదాన్ని తెంపంగనే ఆగుతది. ఒక్క గుండు పోయినంక రెండు చట్రాలూ మళ్ల అల్లాలె.

"దేంట్ల చూద్దాం?" అన్నడు భూపాల్‌రావు.

"గది సుత అడుగుడేనా?" అన్నడు జలపతిరావు. "గా కట్టెపెట్టె తోని ఒక్కో గుండుకు పావుగంట తీగలల్లుకుంట ఎవలు కూసుంటరు? కొత్తది ఉండంగ!"

రామచంద్రం షెడ్డు గుంజ కాడ నిలబడ్డడు. గాజు కండ్ల దిక్కు చూస్తె ఎందుకో మనసు ఒప్పుకోలే. నీడను నమ్ముడేంది? తెగిన తీగ అబద్ధమాడది. "దొరా, తీగల పెట్టెనే పెట్టుండ్రి. తీగలు నేనల్లుత" అన్నడు.

జలపతిరావు మెడ తిప్పి చూసిండు. "ఓహో! కేసు నీ మీద, మిషిని నువ్వే ఏరుకుంటవా? రేపు జడ్జిని సుత నువ్వే ఏరుకో."

భూపాల్‌రావు నవ్వలే, కొత్తదే పెట్టిండు. తన సొంత రైఫిల్ తీసి, ఇసుక సంచి మీద ఆనిచ్చి, మొదటి తూటా పేల్చిండు. మిషిని మీద ఎర్ర అంకెలు వచ్చినయి.

"రెండు వేల ఆరు వందల పది" అని రాసుకున్నడు. రెండోది. "రెండు వేల మూడు వందల తొంబై." మూడోది. "రెండు వేల ఏడు వందల ఎనుబై." నాలుగోదానికి అంకెనే రాలే. అయిదోది రెండు వేల నాలుగు వందల యాబై.

పెన్ను ఆగింది. రామచంద్రం ఆ అంకెలు ఇనుకుంట గుంజను గట్టిగ పట్టుకున్నడు. గివి నా తూటాలేనా? గింత తేడనా? ఒక్క నిమిషం తన చెయ్యి మీద తనకే అనుమానం పుట్టింది. దసరా పని ఒత్తిడిల త్రాసు సరిగ చూడలేనా? ఎస్సై మాట చెవుల మోగింది, గిక్కడ కాదు అని.

"అయిపాయె" అన్నడు జలపతిరావు, సిగరెట్ కింద పడేసి. "ఇంకేం చూస్తవు భూపాల్? ఎక్కువ తక్కువలున్నయని రాసెయ్."

భూపాల్‌రావు కాయితం ముంగటికి గుంజుకున్నడు.

"సారు" అన్నడు రామచంద్రం. "సారు, ఒక్కపారి దుర్బిన్ల అట్ట చూడుండ్రి. గుండ్లు యాడ పడ్డయో."

భూపాల్‌రావు దుర్బిన్ పెట్టుకొని చూసిండు. చానసేపు చూసిండు. "అయిదూ ఒక్క దగ్గర్నే ఉన్నయి. రెండు వేళ్ల ఎడంల."

"మిషిని చెప్పిన తేడ నిజమైతె, రెండు వందల గజాల కాడ అవి నాలుగు వేళ్లన్న కిందికి మీదికి పడాలె గద సారు? మెల్లగ పోయిన గుండు కిందికి దిగాలె గద?"

"మరి మిషిని అబద్ధమాడుతున్నదా?" అని గద్దిచ్చిండు జలపతిరావు.

"నాకు ఎరుక లేదు దొరా." రామచంద్రం సెల్ల కొసను చేతికి చుట్టుకొని ఇప్పుతున్నడు. "మా దగ్గర ఇద్దరు సేట్ల గజంబద్దలు కలువకపోతె ఒక్కటే గుడ్డను రెండిటితోని కొలుస్తం. గుడ్డ మారది. తేడ ఏ బద్దలున్నదో అక్కడ్నే తేలుతది. రెండు మిషిన్లను వరుసగ పెట్టుండ్రి. ఒక్కటే గుండును రెండిట్లకెల్లి పంపుండ్రి. గప్పుడు సుత నాదే తప్పయితె, ఎస్సై సారు దాక పోవుడెందుకు, నేనే రాసిస్త."

భూపాల్‌రావు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. "రేపు పొద్దుగాల రా. ఎల్లుండి దాక ఆగనీకి లేదు" అన్నడు.

జలపతిరావు లేచి జీపు దిక్కు పోయిండు. పోతపోత కుర్చీని కాలుతోని నూకిండు.

*

తెల్లారి ఠాణాల సంతకం పెట్టి వచ్చి, పొద్దంత రామచంద్రం తీగలే అల్లిండు. పడుగుల తెగిన పోగును అతికినట్టే. ఇటు మేకు, అటు మేకు, బిర్రుగ ఉండాలె, తెగద్దు. ముప్పై ఏండ్లు పోగులు అతికిన వేళ్లు ఇంకెందుకున్నయి? పావుగంట పట్టే పని అయిదు నిమిషాలల్ల ఒడగొడుతున్నడు. చట్రాలు ముంగట, వాటి ఎనుక గాజు కండ్లు. నడుమకెల్లి ఒక్కటే గుండు.

మొదటిది పేలింది. తీగల పెట్టె రెండు వేల ఆరు వందల నాలుగు అన్నది. గాజు కండ్లది రెండు వేల నాలుగు వందల నలుబై. రెండోదానికి తీగలది ఆరు వందల పదకొండు, గాజుది ఏడు వందల ఇరువై. నాలుగు పేల్చిన్రు. తీగల పెట్టె నాలుగు లెక్కలూ పది పన్నెండు అడుగుల నడుమనే ఆడుతున్నయి. గాజుది పోతరాజు లెక్క ఎగురుతున్నది.

రామచంద్రానికి పానం లేచి వచ్చింది. గని జలపతిరావు ఊకుంటడా?

"కట్టెపెట్టె మొద్దుబారి ఒక్కటే లెక్క చెప్తున్నదేమో! ఫారిన్ మిషినికి తేడ కనబడుతుంటె బెల్లంపల్లి పెట్టెకు కనబడ్తలేదంటె, ఏది గుడ్డిదో నువ్వే చెప్పు భూపాల్."

భూపాల్‌రావు గదువ గీక్కున్నడు. "అది సుత నిజమే" అన్నడు. "రెండు బద్దలు కలుస్తలెవ్వని తేలింది గని, ఏది దొంగదో ఎట్ల తేలాలె?"

రామచంద్రం వంగి మళ్ల తీగలల్లుడు మొదలువెట్టిండు. దొంగబద్ద దొరికిందనుకుంటె కథ మళ్ల మొదటికే వచ్చింది.

అయిదో తూటా పెట్టేసరికి ఎండ మీదికి చిన్న మబ్బొచ్చింది. మైదానం అంత నీడ పరుచుకున్నది. పేలింది. తీగలది రెండు వేల ఆరు వందల ఆరు. భూపాల్‌రావు గాజుది చదివిండు, మళ్ల చదివిండు. "రెండు వేల ఆరు వందల తొమ్మిది!"

ఆరోదానికి మబ్బు పోయింది. ఎండ కొట్టింది. గాజుది మళ్ల రెండు వందలు తప్పింది.

రామచంద్రం చేతిల తీగ ఉండ కింద పడేసి నిలబడ్డడు. "ఎండ సారు! ఎండకు దాని కండ్లు చెదురుతున్నయి!"

అడుగుడు లేదు, ఆగుడు లేదు. షెడ్డు పక్కన ఉన్న నాలుగు కట్టెలు తెచ్చి గాజు కండ్లకు అటిటు పాతిండు. మెడలకెల్లి సెల్ల తీసి, నాలుగు కొసలు కట్టెలకు కట్టిండు. గుండు పోయే తొవ్వకు మూరెడు మీదికి పందిరి లెక్క నిలిచింది. తన చేతితోని నేసుకున్న సెల్ల, పలుచటిది. ఎండ దాంట్లకెల్లి పాల తీరుగ దిగింది.

"పేల్చుండ్రి సారు."

భూపాల్‌రావు పేల్చిండు. తీగలది రెండు వేల ఐదు వందల తొంబై తొమ్మిది. గాజుది ఆరు వందల ఒకటి. ఇంకోటి. కలిసింది. ఇంకోటి. కలిసింది. పది తూటాలు పేల్చిన్రు, రెండు మిషిన్లూ పోటీ పడి ఒక్కటే మాట చెప్పినయి. భూపాల్‌రావు లెక్కలు కూడి, తీసేసి, పెన్నుకు మూత పెట్టిండు.

"కొనుక్కొచ్చిన తూటాలల్ల సుత గింత సమంగ నేను చూడలే రామచంద్రం" అన్నడు. "తూటాలల్ల ఏ తప్పు లేదని రాసిస్తున్న."

రామచంద్రానికి ఏడుపొచ్చింది. తుడుచుకుందామంటె మెడల సెల్ల లేదు. మోచేతితోని తుడుచుకున్నడు.

*

జలపతిరావు పక్కకు పిలిచిండు. జీపు నీడకు నిలబడి సిగరెట్ ముట్టిచ్చిండు. ఆ గొంతుల నిన్నటి గద్దింపు లేదు.

"నీ తూటాలు మంచియే. నేను కాదంటలేను."

"ఇప్పుడు జమ్మి ముచ్చట ఎస్సై సారుకు చెప్పాలె దొరా. మీకెట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు గని..."

"నాకెరుకే" అన్నడు జలపతిరావు.

రామచంద్రం తలెత్తి దొర మొకం దిక్కు చూసిండు.

"రైఫిల్ ఠాణాకు పంపకముందు నేను చూడనారా? పగిలిన కాడ మాడిన ఎర్రపోగు అంటుకొని ఉండె. తీసి పొయ్యిల ఏసిన." పొగ ఇడిసిండు. "మనుమని చెయ్యి తన వల్లనే పోయిందని తెలిస్తె మా అవ్వ అన్నం నీళ్లు ముట్టది. వారంల పోతది. కారణం తెలుస్తలేదని రాయిస్త. గీ ముచ్చట నీ నోట్లెకెల్లి రావద్దు."

"కారణం తెల్వదంటె ఎస్సై నన్నెట్ల ఇడుస్తడు దొరా? తెలిసేదాక సంతకం పెట్టమంటడు. ఎన్నొద్దులు?"

"కొన్నొద్దులు. నేను మాట్లాడుత తీయ్. ఫికర్ జెయ్యకు" అని జీపెక్కి దవాఖానకు పోయిండు.

ఒక్క పోగు. పుట్టినసంది పోగుల నడుమనే బతికిన మనిషికి, గా ఒక్క పోగు దొరికితె చాలు, ఠాణా తొవ్వనే ఉండకపోవు. దాన్ని చూసి, ఎరిగి, పొయ్యిల ఏసి, మళ్ల కుర్చీల కూసోని "రాసెయ్" అన్నడు. రామచంద్రానికి జీవితంల ఎన్నడు రాని కోపం వచ్చింది. సెల్ల ఇప్పుకొని, భుజం మీదేసుకొని, దొరింటికే నడిచిండు. దొర ఇచ్చిన చిన్న త్రాసు సంచిలున్నది. అది వాపస్ ఇచ్చి చేతులు కడుక్కోవాలె.

ఇంట్ల దొర లేడు. జానకీబాయి వరండల ఒక్కతే కూసున్నది. పక్కన దసరా పళ్లెం ఉన్నది. దాంట్ల జమ్మి ఎండిపోయింది గని ఎవలూ తియ్యలే.

"రామచంద్రమా? రా. కూసో."

"నిలబడ్త దొరసానీ. త్రాసు ఇచ్చిపోదామని వచ్చిన."

"మనుమని వేళ్లు ఎట్ల పోయినయిరా?" అన్నది ఆమె, మొకం మీదికి చూసుకుంట.

చెప్తె గీమె ఉంటదా? చెప్పకుంటె నేనుంటనా? రామచంద్రానికి ఠాణా గచ్చు యాదికొచ్చింది, అనసూర్య అతుకని పోగు యాదికొచ్చింది.

"మీరు పెట్టిన జమ్మి దొరసానీ. తియ్యకుంట పేల్చిండు."

ఆమె కూలిపోతదనుకున్నడు. కూలలే. కండ్లు మూసుకొని తల ఊపింది. "ఏటేటా తెల్లారి నా చేతిల జమ్మి పెట్టేటోనివి. ఈసారి జమ్మి రాకముందే నెత్తురొచ్చింది. నాకెరుక గాదా? ఆరొద్దులసంది ఎవలన్న గీ మాట అంటరేమోనని చూస్తున్న. ఒక్కలు అనలే."

"ఎరుకనా?" రామచంద్రం గొంతు లేచింది. ఆ వరండల అతని గొంతు లేచుడు అదే మొదలు. "ఆరొద్దులసంది నేను ఠాణాల కూసుంటున్న దొరసానీ! నన్ను అన్నలల్ల కలుపుతున్నరు! మా ఇంటిది అన్నం తింటలేదు!"

"నేను సస్తనని నా కొడుకు చెప్తలేడు. వాడు కుములుతడని నేను అడుగుతలేను."

"ఒకలనొకలు కాపాడుకున్నరు. మంచిగున్నది. నన్ను నడుమ ఏసిన్రు." రామచంద్రం సంచిలకెల్లి త్రాసు తీసిండు. "తూటాలు మంచియని తేలినంక సుత దొర నోరు మూసుకోమన్నడు. పగిలిన కాడ మీ ఎర్రగుడ్డ పోగు ఉండెనట. ఠాణాకు పంపకముందే తీసి పొయ్యిల ఏసిండట. అది ఉంటె నేను ఒక్క పూటల బయటపడుదును."

జానకీబాయి కండ్లు తెరిచింది. జమ్మి మాటకు అదరని మొకం గిప్పుడు అదిరింది.

"పోగు తీసేసిండా?"

"అవు."

"చూసి, తీసేసిండా?" అని మళ్ల అడిగింది.

రామచంద్రం త్రాసును పళ్లెం పక్కన పెట్టి మెట్లు దిగిండు. ఎనుకకెల్లి ఆమె పిలువలే.

*

తెల్లారి పోవద్దన్నది అనసూర్య. "సంతకం తప్పితె అదో కేసు" అని ఆరింటి బస్సే ఎక్కిండు రామచంద్రం. తొమ్మిదికి అయిదు నిమిషాలుండంగ ఠాణా మెట్లు ఎక్కంగనే లోపలకెల్లి మాటలినబడ్డయి.

జానకీబాయి చేతికర్ర పట్టుకొని నడుమ నిలబడ్డది. రిక్షాల వచ్చినట్టున్నది, తోడు ఎవలూ లేరు. ఎస్సై తన కుర్చీనే జరిపి "కూసోండమ్మా, కూసోండి" అని పరేషాన్ అయితున్నడు. జవాను నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడ్డడు.

"రామచంద్రం రోజూ యాడ కూసుంటడు?" అని అడిగింది ఆమె.

ఎస్సై జవాను దిక్కు చూసిండు. జవాను గోడ దిక్కు చూపెట్టిండు.

"కిందనా?"

ఆమె చేతికర్రను గోడకు ఆనిచ్చింది. గోడ పట్టుకొని, మోకాళ్లు మెల్లమెల్లగ ఒంచి, గచ్చు మీద కూసున్నది.

"రాసుకో కొడుకా. పేరు జానకీబాయి. రైఫిల్ల జమ్మి పెట్టింది నేను. తూటా తప్పు కాదు."

రైటర్ పెన్ను పట్టుకొని ఎస్సై మొకం చూస్తున్నడు. గంతల బయట జీపు ఆగింది. జలపతిరావు ఉరికొచ్చిండు. తల్లిని గచ్చు మీద చూసి గడపల్నే ఆగిపోయిండు.

"అవ్వా! లే. ఇదేం పని? నలుగురు చూస్తరు!"

"చూడనీ. గీయన ఆరొద్దులు కూసుంటె ఎవలూ చూడలే." ఆమె పక్కకు జరిగి చెయ్యితోని గచ్చు చూపెట్టింది. "నువ్వు సుత రా. నా ముచ్చట నేను చెప్పిన. పోగు ముచ్చట నువ్వు చెప్పాలె."

జలపతిరావు బల్ల దిక్కు చూసిండు. బల్ల మీద పిల్లి పండుకున్నది. తల్లి చెయ్యి గచ్చు మీద అట్లనే ఉన్నది. జలపతిరావు చెప్పులిడిసి లోపలికి వచ్చిండు. తల్లి పక్కపొంటి, గోడకు ఆనుకొని, కింద కూసున్నడు.

ఎస్సై గొంతు సవరిచ్చుకొని రైటర్‌ను రాసుకోమన్నడు. జవాను పిల్లిని అదిలిచ్చి, తువ్వాలతోని బల్ల దులిపిండు.

"రామచంద్రం, గిట్ల కూసో" అన్నడు.

రామచంద్రం కూసోలే. తొమ్మిదిన్నర బస్సు దొరికితె సిరిసిల్లల సాంచల కాడ పగటి షిఫ్టుకు అందుతడు.